బొమ్మ దించుడు

మొన్న మా ఆయన సంవత్సరీకానికి ఫ్లెక్సీ వేయిద్దామని మా మనుమరాలు ఫోను పట్టుకొని నా పక్కన కూర్చుంది. గోడ మీది ఫోటోను ఫోనుతో తీసి, దాని మీద వేలుతో ఒకసారి ఇటు, ఒకసారి అటు రాసి, తాత ఎట్లా మెరుస్తున్నాడో చూడమని నా ముఖం ముందు పెట్టింది. చూశాను. చొక్కా ఆయనదే, చెవులు ఆయనవే, ముఖం మాత్రం ఎవరిదో. ఆయనకు ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని చోటు బియ్యపు గింజంత ఉండేది. వయసులో ఉన్నప్పుడు అచ్చుమిషను పిడి తగిలి తెగింది. ఫోనులో అక్కడ నిండుగా వెంట్రుకలున్నాయి. బతికినన్నాళ్ళూ మొలవనివి చచ్చిపోయిన ఏడాదికి మొలిచాయి. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు, బండెడు బట్టలు ఉతికి లేచినట్టు నడుము జారిపోయింది, అంతే.

ఆ అలసట నాకు కొత్తది కాదు. ఎన్నడో మంచిర్యాలలో మా ప్రెస్సులో, ఒక ముఖం ఉండాల్సిన చోట ఇంకో ముఖం వచ్చి కూర్చున్న రోజున కూడా నాకు ఇట్లాగే అయింది. ఆ సంగతి చెప్పాలని ఉంది. నేను చెప్తుంటే రాస్తున్నది కూడా ఆ మనుమరాలే. నేను ‘వచ్చిండు’ అంటే అది ‘వచ్చాడు’ అని రాస్తోంది, పుస్తకంలో అట్లాగే ఉండాలట. రాసుకోనీ. ఎదుటివాళ్ళ నోట్లోంచి వచ్చిన మాటలు మాత్రం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను.

నాకు చదువు లేదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ లొల్లికి బడులు మూతబడ్డ ఏడాది పలక అవతల పెట్టినదాన్ని మళ్ళీ ముట్టలేదు. బడి తెరిచేసరికి మా అవ్వ బీడీల చాట నా ఒళ్ళో పెట్టింది. కరీంనగర్ దిక్కు ఆడపిల్లలకు అది కొత్తేమీ కాదు, నా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తునికాకు మీద రేకు అచ్చు పెట్టి, కత్తెరతో దాని అంచు వెంట కోసీ కోసీ చెయ్యి ఎట్లా కుదురుతుందో వాళ్ళకు తెలుసు. పెళ్ళయ్యేనాటికి మా ఆయన కరీంనగర్‌లో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి పేర్చే పని చేసేవాడు. ఆ తర్వాత గనుల దిక్కు మనుషులు పెరుగుతున్నారు, పెళ్ళిళ్ళూ చావులూ పెరుగుతాయి, కార్డులకు కొదవుండదని ఒక పాత కాలితొక్కుడు మిషను కొని మంచిర్యాలకు మకాం మార్చాడు.

ఆ రోజుల్లో బొమ్మ అంటే బ్లాకు. జింకు రేకు మీద బొమ్మ చెక్కించి, చెక్కముక్కకు మేకులు కొట్టి, పట్నం నుంచి బస్సులో వచ్చేది. ఎవరి ఫోటో అయినా బ్లాకు చేయించాలంటే పెద్ద ఖర్చు, అందుకని కార్డు మీద మనుషుల ముఖాలు ఉండేవే కావు. మా దగ్గర ఒక వినాయకుడు, ఒక దీపం, కలిసిన రెండు చేతులు ఉండేవి. శ్రీరాంపూర్ పెళ్ళికీ, మందమర్రి పెళ్ళికీ ఆ వినాయకుడే పోయేవాడు. అచ్చులు కొట్టీ కొట్టీ ఆయన తొండం కొస అరిగిపోయింది. మందమర్రి నుంచి వచ్చే ఒక ముసలాయన ప్రతిసారీ, “ఏందమ్మా, మీ గణపతి తొండం ఆయన ఎలుకనే కొరుక్క తిన్నదా?” అనేవాడు. మేమూ నవ్వేవాళ్ళం.

తొంభైలు వచ్చాక కార్డు మీద ముఖం లేకపోతే కార్డే కాదన్నట్టయింది. పెళ్ళికి ఇద్దరి ముఖాలు, చావుకు ఒకరి ముఖం, గని కార్మికుల సంఘం ఎలక్షన్లకు నిలబడ్డవాడి ముఖం. పట్నంలో పేజీలన్నీ కంప్యూటర్ మీదే కడుతున్నారని విని, మా ఆయన మిషను అమ్మి, నా మెడలోదీ చెవులదీ కలిపి, ఒక కంప్యూటర్ తెచ్చాడు. తెచ్చిన రోజు నుంచి నాకు దానికంటే దాని మీది దుమ్ముతోనే ఎక్కువ పని. బొగ్గు దుమ్ము సంగతి మా దిక్కు వాళ్ళకు తెలుసు. తలుపు మూసినా వస్తుంది, అన్నంలోకి వస్తుంది, కడిగిన గిన్నెలోకి వస్తుంది. దానికి నేను పాత చీరతో ముసుగు కుట్టాను. కొత్త కోడలికి కూడా అంత పరదా వేయలేదని మా అత్త సణిగేది.

ఫోటోను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఒక చేతి స్కానర్ ఉండేది, అరచేతిలో పట్టేంత ఇస్తిరిపెట్టె లాంటిది. ఫోటో మీద దాన్ని ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒకే తీరుగా కిందికి లాగాలి. చెయ్యి వణికిందంటే నీళ్ళలో చూసుకున్నట్టు మూతి వంకరపోతుంది. మా ఆయన చేతులు మిషను దగ్గర దెబ్బతిని వణికేవి. ఆయన లాగిన ప్రతి పెళ్ళికొడుకూ తాగినవాడిలా వచ్చేవాడు. ఒకనాడు విసుగొచ్చి, “ఇటు రాయే, బీడీ చేతులు నీయి, నువ్వు గుంజు” అన్నాడు. గుంజాను. నిలువుగా వచ్చింది. అప్పటి నుంచి రాత ఆయనది, ముఖాలు నావి. అక్షరాలు తెలియకపోయినా గుర్తులు తెలిసేవి. బ్రష్షు గుర్తు, రబ్బరు గుర్తు, గీతల డబ్బా గుర్తు. ఫోటో మీది మడతలు, మరకలు చుక్క చుక్కగా తుడవడం, తెరమీద ముఖాన్ని ఉన్నదానికంటే కొంచెం పాలిపోయినట్టు ఉంచడం నేర్చుకున్నాను. ఎందుకంటే కాగితం మీదికి వచ్చేసరికి సిరా పరుచుకొని ముఖం నల్లబడుతుంది. తెర మీద బాగున్నాడంటే కార్డు మీద బొగ్గుబాయిలోంచి అప్పుడే వచ్చినట్టుంటాడు.

అట్లా సాపు చేసిన ముఖాన్ని రాత ఉన్న పేజీలోకి తెచ్చి, దాని గడిలో కూర్చోబెట్టడాన్ని మేము బొమ్మ దించుడు అనేవాళ్ళం. ఇంగ్లీషులో దానికేదో పేరుంది, మా ఇంట్లో దించుడే. మన దిక్కు ఫోటో కూడా దిగుతాం కదా, తీసేవాడు దించుతాడు. బస్సులోంచి దిగుతాం, బావిలోకి దిగుతాం. చివరికి పాడె మీద పోయేటప్పుడు కూడా నడుమ ఒక చోట దించుతారు.

ఈ దించుడులో ఉన్న మెలిక ఆయనకు కరీంనగర్‌లో తెలిసింది. ఒక పెళ్ళికార్డు పేజీని ఫ్లాపీలో వేసుకొని, మంచి ప్రింటు తీయించడానికి బస్సెక్కి పోయాడు. అక్కడ తీస్తే రాత చక్కగా వచ్చింది, పెళ్ళికూతురు ముఖం మాత్రం మెట్లు మెట్లుగా, చాపలో నేసిన బొమ్మలా వచ్చింది. పేజీలో కనిపించేది బొమ్మ కాదట, దాని నీడట. అసలు బొమ్మ కంప్యూటర్‌లో వేరే చోట దాని పేరుతో ఉంటుంది, అచ్చు వేసేటప్పుడు పేజీ ఆ పేరు పట్టి దాన్ని పిలుచుకుంటుంది. ఈయన నీడను జేబులో పెట్టుకొని మనిషిని ఇంట్లో వదిలి పోయాడు. తిరిగొచ్చి, “నీడను తోల్కపోయిననే నేను” అని నెత్తి కొట్టుకున్నాడు.

పేరు పట్టి పిలుచుకుంటుందని చెప్పాను కదా. అక్కడే వచ్చింది ముప్పు.

శ్రీరాంపూర్ నుంచి ఒకామె దినవారం కార్డు కోసం వచ్చింది. బాయి పనివాడు ఆమె మొగుడు, కొమురయ్య. జ్వరం వచ్చి, కామెర్లుగా మారి, చూస్తుండగానే పోయాడు. చంకలో నడక రాని ఆడపిల్ల, కొంగు ముడిలో ఆయన డ్యూటీ పాసు. ఆ పాసు మీద అంటించిన గోరంత ఫోటో తప్ప ఆయన ఇంకో ఫోటో దిగలేదు. పెళ్ళి యాదగిరిగుట్ట మీద నలుగురిలో జరిగిపోయింది, ఫోటోలు తీసేవాడు దొరకలేదట. ఆ గోరంత ముఖం మీద కూడా సగానికి ఆఫీసు ముద్ర పడి ఉంది.

నేను లాగాను. తెర మీద పెద్దగా చేసి ముద్ర తుడవడం మొదలుపెట్టాను. ముద్ర గీతలు చెంప మీదుగా పోయాయి. రంగులుండవు కదా, అంతా బూడిద రంగే. ఒక గీత దగ్గరికి వచ్చి రబ్బరు పెట్టబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“అది ముద్ర గాదక్కా. గది ఆయనది.”

“ఏంది చెల్లె?”

“బొగ్గు పెళ్ళ తాకి తెగింది. దుమ్ము లోపల్నే ఉండి నీలంగ మానింది. తుడువకక్కా, గది తుడిస్తే ఈయన ఎవరో అయితడు.”

బాయి పనివాళ్ళ ఒంటి మీద ఆ నీలం గీతలు మీరు చూసే ఉంటారు. ఆమెను నా పక్కన ముక్కాలి పీట మీద కూర్చోబెట్టుకున్నాను. ఇది ముద్రా, ఇది ఆయనా అని నేను అడగడం, ఆమె వేలు పెట్టి చూపడం. ముద్ర పోయింది, మనిషి మిగిలాడు. పేజీలోకి దించాను. ఆమె పిల్లను తెర దగ్గరికి ఎత్తి, “గుగో, మీ బాపు” అంది. పిల్ల తెరను నాకబోయింది. పాసు తీసుకొని ఆమె వెళ్ళిపోయింది.

మా ఆయన ఆ బొమ్మకు కొమురయ్య అనే పేరు పెట్టాడు. ఆ కాలం కంప్యూటర్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలే పట్టేవి. ఇంగ్లీషులో రాస్తే కొమురయ్యకే తొమ్మిది కావాలట, చివరిదాన్ని కోసేసి పెట్టాడు. ఇక ఇంటిపేరుకు చోటెక్కడిది? మా దిక్కు రాయి విసిరితే తగిలేది కొమురయ్యకో, రాజయ్యకో, మల్లయ్యకో. మేము ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

రెండు రోజులకు నస్పూర్ నుంచి ఇంకో కొమురయ్య వచ్చాడు. సంఘం ఎలక్షన్లకు నిలబడ్డాడు, కరపత్రాలు కావాలి. మంచి మీసం, మంచి ఫోటో, ముద్రా లేదు మరకా లేదు, నాకు గడియలో పని అయిపోయింది. దాన్ని దాచేటప్పుడు ఈ పేరుతో ఒకటుంది, దాని మీద రాయమంటావా అని కంప్యూటర్ అడిగిందట. అప్పుడే చేసినదాన్ని మళ్ళీ దాచుతున్నాను కాబోలు అనుకొని, పక్కన మనుషులు తొందరపెడుతుంటే, మా ఆయన అవునని నొక్కాడు. ఆ తర్వాత దినవారం పేజీలో తేదీ దిద్ది ప్రింటు తీసి ఆఫ్‌సెట్ మిషనుకు పంపాడు. పేజీ తొందరగా కదలాలని బొమ్మల చోట ఉత్త బూడిద డబ్బాలు కనబడేటట్టు పెట్టుకునేవాడు, అందుకని తెర మీద ఎవరి ముఖమూ కనిపించలేదు. వచ్చిన కాగితాన్ని చూడకుండానే మడిచి ఇచ్చేశాడు.

కార్డుల కట్ట మా దగ్గరికి వచ్చిన పొద్దుననే ఆమె వచ్చింది. నస్పూర్ కొమురయ్య కూడా కరపత్రాల కోసం వచ్చి బెంచీ మీద కూర్చొని చాయ్ తాగుతున్నాడు. ఆమె కట్ట విప్పి, ఒక కార్డు తీసి, చాలాసేపు చూసింది.

“అక్కా, గీయన ఎవరు?”

నేను చూశాను. కార్డు మీద మీసం తిప్పి నస్పూర్ కొమురయ్య నవ్వుతున్నాడు. ముఖం చుట్టూ పూలదండ, కింద ఆత్మకు శాంతి కలగాలని. ఆయన కూడా లేచి వచ్చి మా భుజాల మీదుగా చూశాడు. చాయ్ గ్లాసు చేతిలో వంగిపోయింది.

“ఏందే గిది! నన్ను సంపి పూలేస్తిరా?”

“తప్పువడ్డదన్నా,” అన్నాడు మా ఆయన.

“గట్లయితే ఆయుష్షు వెరుగుతదంటరు గదన్నా,” అన్నాను నేను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“ఆయుష్షు సంగతి ఎన్క సూస్తం! సచ్చినోనికి ఓట్లెవడేస్తడు? మా ఎదుటోనికి గీ కార్డొక్కటి దొరికిందంటే నా కథ ఒడిసె!”

ఆమె అంతసేపూ కార్డు వైపే చూస్తోంది. తల ఎత్తకుండానే అంది, “నీకేందన్నా. నువ్వున్నవు.”

ఆయన భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకొని పోయి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు.

పాసు తెమ్మను, మళ్ళీ లాగుతాను అన్నాను. పాసు లేదు. కాగితాలతో పాటు ఆఫీసులో తీసుకున్నారట, ఇక తిరిగి రాదని చెప్పారట. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చొని వెతికాడు. పేరు ఒకటే ఉంది, ఆ పేరు కింద నస్పూర్ ఆయన ఉన్నాడు. శ్రీరాంపూర్ ఆయన మీద మన్ను పోసినట్టు ఈయన పడ్డాడు.

ఆమె ఏడవలేదు. చంకలోని పిల్లను సర్దుకుంటూ, “దీనికి రేపు బాపు ఏడంటే ఏం సూపెట్టాలె?” అని మాత్రం అడిగింది. మమ్మల్ని కాదు, ఉత్తగా అడిగింది. మా ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, “ఇగ లేదమ్మా” అన్నాడు.

నేను ఏమీ చదువుకున్నదాన్ని కాదు, కానీ దింపుడు కళ్ళం తెలుసు. కాటికి పోయే తోవలో పాడెను దించి, చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, ఏమో, లేస్తాడేమో అని. లేవడని అందరికీ తెలుసు. అయినా పిలవకుండా ఎవరూ పోరు. “దింపుడు కళ్ళమన్న కానియ్యరాదు, పిలువకుండనే తీస్కపోతవా?” అన్నాను.

ఆయన నా వైపు చూసి లేచాడు. రాత పోతే మళ్ళీ కొట్టుకోవాలి, ఫోటో పోతే మళ్ళీ లాగొచ్చు అని ఫ్లాపీల్లో పేజీలు మాత్రమే దాచే అలవాటు ఆయనకు. బొమ్మ దించిన రోజు దాచిన దినవారం పేజీ ఒక ఫ్లాపీలో ఉంది. దాన్ని వేసి తెరిచాడు. బూడిద డబ్బాలు తీసేసి బొమ్మలు కనబడేటట్టు పెట్టాడు. గరగరమని శబ్దం. గడిలో నస్పూర్ ఆయనే.

మళ్ళీ తెరవమన్నాను. ఈసారి కన్ను ఆర్పకుండా చూశాను. రోజంతా ముఖాలు చూసే పని నాది. గడి తెరుచుకోగానే ఒక మసక ముఖం వచ్చింది, ఆ వెంటనే దాని మీద మీసమాయన వచ్చి కూర్చున్నాడు.

“ఉన్నడు!” అన్నాను. “వచ్చిండు, గంతల్నే ఈయన నూకిండు.”

అప్పుడు ఆయనకు వెలిగింది. పేజీలో నీడ ఇంకా పాతదే. తెరవగానే పేరు పట్టి పిలుస్తోంది, పిలిస్తే కొత్తాయన పలుకుతున్నాడు. పలికేవాడు లేకపోతే నీడ నీడగానే ఉంటుంది కదా. బెంచీ మీంచి నస్పూర్ కొమురయ్య, “అయితే నన్ను తీసి అవతల పారెయ్యున్రి” అన్నాడు. “నేను మల్ల దిగుత. నాకేంది, నేనున్న గద.” ఆ మాట ఆమె వైపు చూడకుండా అన్నాడు.

మా ఆయన నస్పూర్ కొమురయ్య బొమ్మకు పేరు మార్చి పక్కకు పెట్టాడు. మూడోసారి పేజీ తెరిచాడు. గరగర ఆగింది. తెర మధ్యలో ఒక డబ్బా వచ్చింది, ఇంగ్లీషులో ఏదో ప్రశ్న. ఆయన తెరకు దగ్గరగా వంగి చదివాడు.

“ఏమంటున్నది?”

“బొమ్మ దొరుకుతలేదట. ఎక్కడున్నదో సూపెడ్తవా, ఇట్లనే ఉండనిస్తవా అని అడుగుతున్నది.”

“ఇట్లనే ఉండనియ్యమను.”

నొక్కాడు. డబ్బా పోయింది. గడిలో శ్రీరాంపూర్ ఆయన ఉన్నాడు. మెట్లు మెట్లుగా, మంచులో నిలబడ్డ మనిషిలా ఉన్నాడు, కానీ ఉన్నాడు. పెద్దగా చేస్తే చుక్కలై చెదిరిపోతున్నాడు. అందుకని చిన్నగా చేసి, చిన్నగా చేస్తే మెట్లు దగ్గరికొచ్చి కలుస్తాయి కాబట్టి, ఎంత చిన్నగా చేస్తే ముఖమవుతాడో అంత చిన్నగా ప్రింటు తీశాము. ఆమె ఆ కాగితాన్ని కళ్ళ దగ్గరికి పెట్టుకొని వెతికింది. చెంప మీద ఒక్క చుక్క, చుట్టూ ఉన్నవాటికంటే జర నల్లగా ఉంది. దాని మీద చిటికెన వేలి గోరు పెట్టింది.

“ఇగో,” అంది. “ఈడనే తాకింది.”

అప్పుడు ఏడ్చింది.

తప్పు కార్డులన్నీ పొయ్యిలో పెట్టి, ఆ చిన్న ముఖంతోనే మళ్ళీ అచ్చు వేయించి ఇచ్చాము. నస్పూర్ కొమురయ్య ఆ ఎలక్షన్లలో ఓడిపోయాడు. మీరు దండేసినంక గెలుస్తనా అని మా ఆయనను బతికినన్నాళ్ళూ దెప్పేవాడు. ఆ పిల్ల పెద్దదై తన పెళ్ళికార్డు కోసం మా దగ్గరికే వచ్చింది, దినవారం కార్డు లోంచి కత్తిరించిన ఆ ముఖాన్ని పట్టుకొని. పెద్దగా చేయరాదమ్మా అంటే, చిన్నగానే పెట్టమంది, నాకు గంతనే ఎరుక అంది.

ప్రెస్సు ఇప్పుడు లేదు. తెర ముందు కూర్చొని నా చూపు మందగించింది, ఊపిరితిత్తుల్లో ఏం పేరుకుందో ఆయనా పోయాడు. ఇప్పుడు బొమ్మ ఎక్కడా వేరుగా ఉండదట, అంతా ఒక్కటే, ఎక్కడికి పంపినా కూడా వస్తుందట. మంచిదే. బస్సెక్కి నీడను మోసుకుపోయే బాధ లేదు. ఒక్కటే నాకు నచ్చలేదు. ఆ పాత కంప్యూటర్‌కు మన మాట ఒక్కటీ రాదు, అయినా మార్చే ముందు అడిగింది. మేమే చూసుకోలేదు, అది మాత్రం అడిగింది. ఈ ఫోను తెలుగు మాట్లాడుతుంది, పాడుతుంది, కానీ ఆయన కనుబొమ్మ పూడ్చేటప్పుడు ఎవరినీ అడగలేదు. బాగుచేశానని చూపెట్టింది.

మనుమరాలికి చెప్పాను, ఫోటోను ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే వేయమని. ఫ్లెక్సీ వాడు, అంత పెద్దగా వేస్తే మసకగా వస్తుంది, చుక్కలు కనిపిస్తాయి అన్నాడట. అయితే చిన్నగా వేయమన్నాను. చౌరస్తాలో నిలువెత్తు ముఖాల నడుమ మా ఆయన ఇప్పుడు చాటకు మించని ముఖంతో ఉన్నాడు. దారిన పోయేవాళ్ళకు ఆయన ఎవరో తెలియకపోవచ్చు. తెలిసినవాళ్ళు నాలుగడుగులు దగ్గరికి వస్తే, ఎడమ కనుబొమ్మలో ఆ గింజంత ఖాళీ ఉంది. ఇట్లనే ఉండనియ్యి అన్నాను, ఉండనిచ్చారు.